పాస్‌వర్డే తాళంచెవి అయినప్పుడు: ఒక ప్లీడర్ ఆఫీసు మెయిల్ లాగిన్ కేస్ స్టడీ

విజయవాడలో సివిల్, కంపెనీ కేసులు చూసే ఒక అడ్వకేట్ గారి ఆఫీసు ఇది. సీనియర్ గారు, నలుగురు జూనియర్లు, ఇద్దరు గుమాస్తాలు. మెయిల్ భద్రత సరిచేయమని నన్ను పిలిచేనాటికి మెయిల్ అంతా ఒకే ఒక ఉచిత అకౌంట్‌లో నడుస్తోంది. దాని పాస్‌వర్డ్ ఏడుగురికీ తెలుసు. మానేసి వెళ్లిపోయిన జూనియర్లకూ తెలుసు. వీధి చివర జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో అది సేవ్ అయి కూడా ఉంది. ఓటీపీ పెడితే అది సీనియర్ గారి ఫోన్‌కి వెళ్తుంది, ఆయన నేలపాడులో హైకోర్టు హాల్లో ఉంటే ఇక్కడ పని ఆగిపోతుంది. అందుకని ఎవరో పుణ్యాత్ములు ఓటీపీనే తీసిపారేశారు.

ఒక ఆస్తి పంపకం కేసులో రాజీకి అనుకున్న మొత్తం అవతలి పక్షానికి ముందే తెలిసిపోయిందని సీనియర్ గారికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం రుజువు కాలేదు. కానీ లాగిన్ హిస్టరీ తెరిచి చూస్తే ఎవరివో చెప్పలేని డివైజ్‌లు కనిపించాయి, ఆయనకు అది చాలు. "కక్షిదారు నాతో చెప్పిన మాట నా దగ్గరే ఉండాలి. సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ అదే చెబుతోంది" అన్నారు. పెద్ద గుమాస్తా గారి కోరిక వేరు: "ఏదైనా పెట్టండి బాబూ, పొద్దున్న పదిన్నరలోపు మాత్రం నన్ను పాస్‌వర్డ్ అడక్కుండా చూడండి." నాకు అప్పజెప్పిన పని మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో సర్వీసు నడిపే కంపెనీ కూడా చదవలేని తాళం) ఉన్న సర్వీసుల్లో టూటా, స్విట్జర్లాండ్ కంపెనీ ప్రోటాన్ మెయిల్ రెండింటినీ పరిశీలించి ప్రోటాన్ తీసుకున్నాం. టూటాలో పాస్‌వర్డ్ మర్చిపోతే రికవరీ కోడ్ ఒక్కటే దిక్కు, ఫోన్ నంబరుతోనో వేరే మెయిల్‌తోనో రీసెట్ చేసుకునే దారి లేదు. భద్రత కోణంలో అది శుభ్రమైన డిజైన్. ఈ ఆఫీసుకు మాత్రం మరీ కఠినం అనిపించింది. అడ్రసులు సొంత డొమైన్ (అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) మీదే పెట్టాం. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో బ్లాక్ చేసే చర్యలు మొదలుపెట్టమని కేంద్రాన్ని ఆదేశించారు. లాయర్లకు ఆ వార్త నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెప్పారు. డొమైన్ మన చేతిలో ఉంటే రేపు ఏదైనా అయినా కొత్త మెయిల్‌ను వేరే సర్వీసుకు మళ్లించుకోవచ్చు. పాత మెయిల్‌ను నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటున్నారు.

పాస్‌వర్డ్ చేసే రెండు పనులు

మామూలు మెయిల్ సర్వీసులో పాస్‌వర్డ్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కి చూపించే గుర్తింపు కార్డు. పోగొట్టుకుంటే ఇంకొకటి ఇస్తారు, లోపలి సామాను ఎక్కడికీ పోదు. ప్రైవేట్ మెయిల్‌లో అదే పాస్‌వర్డ్ బీరువా తాళంచెవి కూడా. మెయిల్‌బాక్స్‌కు ఒక ప్రైవేట్ కీ ఉంటుంది. అది సర్వర్ మీదే ఉంటుంది, కానీ మీ పాస్‌వర్డ్ నుంచి తయారైన రహస్యంతో లాక్ అయి ఉంటుంది. కంపెనీ దగ్గర ఆ రహస్యం ఉండదు. కాబట్టి "పాస్‌వర్డ్ మర్చిపోయాను, కొత్తది ఇవ్వండి" అనగానే ఇచ్చేయడం అక్కడ అంత తేలిక కాదు. ఇచ్చినా పాత మెయిల్ తెరుచుకోదు.

ఈ లెక్క వల్ల ప్రోటాన్ కూడా మొదట్లో బాగానే ఇబ్బంది పడింది. 2014 మేలో బీటా తెరిచినప్పుడు రెండు పాస్‌వర్డ్‌లు ఉండేవి. మొదటిది లాగిన్ కోసం, సర్వర్‌కి వెళ్లేది. రెండోది మెయిల్‌బాక్స్ తెరవడానికి, బ్రౌజర్ దాటి వెళ్లేది కాదు. భద్రంగానే ఉండేది. కానీ రెండోది మర్చిపోయినవాళ్ల పాత మెయిల్ గోవిందా. 2016 చివర్లో ఒకే పాస్‌వర్డ్ పద్ధతి తెచ్చారు. దాని వెనక ఉన్నది ఎస్‌ఆర్‌పి అనే ప్రోటోకాల్, స్టాన్‌ఫర్డ్‌లో థామస్ వూ 1998లో ప్రతిపాదించినది. ఇందులో పాస్‌వర్డ్ సర్వర్‌కి వెళ్లదు, అది మీకు తెలుసన్న రుజువు మాత్రమే వెళ్తుంది. అదే పాస్‌వర్డ్‌ను వేరే విధంగా మథించి బ్రౌజర్‌లోనే కీ తెరుస్తారు. యూజర్‌కి ఒక మెట్టు తగ్గింది, తాళంచెవి మాత్రం ఉన్నచోటే ఉంది.

హష్‌మెయిల్ కథ దీనికి పూర్తిగా ఎదురు. సీనియర్ గారికి నేను అన్నిటికంటే వివరంగా చెప్పింది ఇదే. కెనడాలోని వాంకూవర్ కంపెనీ అది, 1999 నుంచి నడుస్తోంది. మొదట ఎన్‌క్రిప్షన్ అంతా యూజర్ బ్రౌజర్‌లో నడిచే జావా ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్ చేసేది. జావా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, పేజీ నెమ్మదిగా తెరుచుకునేది, జనం విసుక్కున్నారు. 2006లో జావా అక్కర్లేని లాగిన్ తెచ్చారు. అందులో పాస్‌ఫ్రేజ్ సర్వర్‌కి వెళ్తుంది, సర్వరే కీ తెరిచి మెయిల్ చూపిస్తుంది, ఆ తర్వాత పాస్‌ఫ్రేజ్‌ను మర్చిపోతుంది. ఆ కాసేపు చాలు. అమెరికాలో ఒక స్టెరాయిడ్ల కేసులో దర్యాప్తు సంస్థలు కెనడా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే, హష్‌మెయిల్ మూడు అకౌంట్ల మెయిల్‌ను చదవగలిగే రూపంలో 12 సీడీల్లో అప్పజెప్పింది. 2007 నవంబరులో ఈ సంగతి బయటపడింది. చట్టప్రకారం వాళ్లు చేయాల్సిందే చేశారు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ సర్వర్ చేతికి పాస్‌ఫ్రేజ్ అందని డిజైన్ అయితే ఇవ్వడానికి వాళ్ల దగ్గర అంత తేలికగా ఏమీ ఉండేది కాదు. 2013లో టెక్సాస్‌లోని లావాబిట్ అనే మెయిల్ సర్వీసు మూతపడటం వెనకా ఇదే లోపం: లాగిన్‌లో పాస్‌వర్డ్ సర్వర్‌కి వెళ్లేది, కాబట్టి ఆ దారికి రక్షణగా ఉన్న ఎస్‌ఎస్‌ఎల్ కీ దొరికితే అందరి మెయిలూ దొరికినట్టే. ప్రభుత్వం ఆ కీనే అడిగింది. యజమాని లాడార్ లెవిసన్ దాన్ని చిన్నచిన్న అక్షరాల్లో 11 పేజీల మీద అచ్చు వేసి ఇచ్చి, చివరికి ఆగస్టు 8న సర్వీసే ఆపేశాడు.

కాబట్టి ఈ ఆఫీసులో ఎవరు ఏ వెసులుబాటు అడిగినా ఒక్కటే చూశాం: దానికోసం తాళంచెవి ఇంకొకరి చేతికి వెళ్తోందా, లేక దాన్ని తిప్పే సార్లు మాత్రమే తగ్గుతున్నాయా. రెండోదైతే ధారాళంగా ఇచ్చేశాం.

ఎవరికి ఏ అకౌంట్

ప్రోటాన్ బిజినెస్ ప్లాన్‌లో సభ్యుడిని "ప్రైవేట్"గా పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. ప్రైవేట్ అయితే అడ్మిన్ కూడా అతని మెయిల్ తెరవలేడు. కాకపోతే అడ్మిన్ తెరవగలడు, పాస్‌వర్డ్ మర్చిపోతే పాత మెయిల్ పోకుండా కొత్తది పెట్టగలడు. సీనియర్ గారిని, జూనియర్లను ప్రైవేట్ చేశాం. గుమాస్తాలను చేయలేదు. వాళ్ల మెయిల్‌లో ఉండేవి కాజ్ లిస్టులు, ఫైలింగ్ నంబర్లు, సర్టిఫైడ్ కాపీల కబుర్లు. అక్కడ తాళంచెవికి నకలు ఉందని తెలిసే ఉంచాం, ఆ మాట వాళ్లకు కాగితం మీద రాసిచ్చి సంతకం తీసుకున్నాం. చిన్న గుమాస్తా చదివి, "అంటే మా మెయిల్ సార్ చూడొచ్చన్నమాట" అన్నాడు. అన్నమాటే. ఆ ముక్క ముందే చెప్పకుండా పెట్టే సెటప్‌లు చాలా చూశాను, నాకు నచ్చవు.

సీనియర్ గారు రెండు పాస్‌వర్డ్‌ల పద్ధతి కావాలన్నారు, అది ఇప్పటికీ సెట్టింగ్స్‌లో ఉంది. రెండు తాళాలైతే ఇంకా గట్టి కదా అని ఆయన ఉద్దేశం. నేను వద్దన్నాను. రెండూ అదే కీబోర్డు మీద, అదే నిమిషంలో కొడతారు. కొట్టినవన్నీ దొంగిలించే సాఫ్ట్‌వేర్ ఆ మెషిన్‌లో ఉంటే రెండూ పోతాయి. పెరిగేది మర్చిపోయే అవకాశం ఒక్కటే. దానికి బదులు ఒకే పొడుగాటి పాస్‌ఫ్రేజ్ పెట్టాం.

ఆయన పోతన పద్యం ఒక పాదం పెట్టుకుంటానన్నారు. ఆంధ్రదేశంలో సగం మందికి నోటికొచ్చిన పద్యం పాస్‌వర్డ్‌గా పనికిరాదని ఒప్పించడానికి కొంచెం టైమ్ పట్టింది. నా దగ్గర 1,296 తెలుగు మాటల పట్టిక ఉంది. పాచిక నాలుగుసార్లు వేస్తే ఒక మాట వస్తుంది. ఆరు మాటలు తీస్తే 62 బిట్ల బలం, అంటే ఊహించేవాడి ముందు రెండును 62 సార్లు గుణిస్తే వచ్చేన్ని అవకాశాలు ఉంటాయి. చిక్కల్లా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేటప్పుడే. దీర్ఘం వస్తే ఒకరు ఒక "ఏ" కొడతారు, ఇంకొకరు రెండు. "త" వస్తే ఒకరికి "టీ", ఇంకొకరికి "టీహెచ్". ఇవాళ ఒకలా, రేపు ఒకలా కొట్టి, పాస్‌వర్డ్ తప్పంటోందని ఫోన్ చేస్తారు. అందుకే ఆ పట్టికలో గడప, పలక, నడక, కలప లాంటి మాటలే ఉంచాను, ఎవరు కొట్టినా ఒకే స్పెల్లింగ్ వచ్చేవి.

పదిన్నర సమస్య

రోజూ లాగిన్ చేయించడం వల్ల భద్రత పెరుగుతుందని చాలా ఆఫీసుల్లో గట్టి నమ్మకం. అడిగిన ప్రతి పేజీలోనూ ఆలోచించకుండా పాస్‌వర్డ్ కొట్టడం అలవాటవుతుంది, అంతే. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్పించడం కూడా అలాంటిదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, కారణం లేకుండా మార్పించొద్దని చెప్పింది.

ఒక్కొక్కరికి ఒక్కో డెస్క్‌టాప్ ఉంది కాబట్టి అక్కడ లాగిన్ అయ్యే ఉండేలా పెట్టేశాం. దానికి బదులుగా డిస్క్ మొత్తానికి బిట్‌లాకర్ (విండోస్‌లోనే ఉండే ఎన్‌క్రిప్షన్), మనిషి మనిషికీ వేరే విండోస్ అకౌంట్, ఐదు నిమిషాలకు స్క్రీన్ లాక్. ఫోన్‌లో మెయిల్ యాప్‌కి వేలిముద్ర లాక్. పెద్ద గుమాస్తా గారు పొద్దున్నే వచ్చి నాలుగంకెల పిన్ కొడితే మెయిల్ తెరుచుకుని ఉంటుంది. కీ ఆ మెషిన్‌లోనే ఉంటుంది, సర్వర్‌కి కొత్తగా ఏమీ వెళ్లదు. ఏ డివైజ్‌లలో లాగిన్ ఉందో చూపించే జాబితాను నెలకోసారి అందరూ కలిసి చూసుకుంటారు, గుర్తుపట్టనిదేదైనా ఉంటే అక్కడికక్కడే తీసేస్తారు.

జిరాక్స్ షాపు అలవాటు మాన్పించడమే కష్టమైంది. షాపులో మెయిల్ తెరవొద్దని ఎన్నిసార్లు చెప్పినా, కౌంటర్ దాఖలు చేయాల్సిన పొద్దున ఆఫీసు ప్రింటర్ మొరాయిస్తే మనిషి ఎక్కడికి పరిగెడతాడు? రెండువైపులా కొట్టే మంచి లేజర్ ప్రింటర్ కొనిపించాను. ఈ కేసులో భద్రత మీద పెట్టిన ఖర్చంతటిలో గిట్టుబాటైంది అదే.

సీనియర్ గారికి ఔట్‌లుక్ లేకపోతే పొద్దు గడవదు. ప్రోటాన్ బ్రిడ్జ్ అనే ప్రోగ్రామ్ ఆయన మెషిన్‌లోనే నడుస్తూ, మెయిల్‌ను అక్కడే తెరిచి ఔట్‌లుక్‌కి అందిస్తుంది. ఔట్‌లుక్‌కి అసలు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, బ్రిడ్జ్ తనే వేరేది తయారుచేసి ఇస్తుంది. కాకపోతే ఔట్‌లుక్ తన కాపీని మామూలుగానే డిస్క్ మీద దాస్తుంది. బిట్‌లాకర్ ఉన్న ఆ ఒక్క మెషిన్‌కే దాన్ని పరిమితం చేశాం.

రెండో మెట్టు

ప్రోటాన్ రెండో మెట్టుగా ఎస్‌ఎమ్‌ఎస్ ఓటీపీ ఇవ్వదు. ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ చూపించే, 30 సెకన్లకోసారి మారే కోడ్, లేదంటే యూఎస్‌బీ సెక్యూరిటీ కీ. బ్యాంకు ఓటీపీలకు అలవాటుపడిన మనకు మొదట ఇది లోటుగా అనిపిస్తుంది, కానీ డూప్లికేట్ సిమ్ తీసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు ఈ ఆఫీసువాళ్లే వాదించారు. ఆ వాదన నేను చేయాల్సిన పనిలేకపోయింది.

యాప్ కోడ్ కంటే సెక్యూరిటీ కీ వైపే నేను మొగ్గు చూపుతాను. 2019 జులైలో, రష్యా మీద పరిశోధనలు చేసే బెల్లింగ్‌క్యాట్ జర్నలిస్టుల ప్రోటాన్ అకౌంట్ల మీద ఫిషింగ్ దాడి జరిగింది. నకిలీ లాగిన్ పేజీ తనలో కొట్టిన వివరాలను అప్పటికప్పుడే అసలు సైటుకు అందించేలా తయారుచేశారు. 30 సెకన్ల కోడ్‌ను మీరే నకిలీ పేజీలో కొడితే అది అదే నిమిషంలో అసలు సైటులో వాడబడుతుంది. సెక్యూరిటీ కీ అయితే పేజీ చిరునామాకు కట్టుబడి ఉంటుంది, చిరునామా మారితే జవాబివ్వదు. మనిషి మోసపోయినా అది మోసపోదు. అరవై దాటిన పెద్ద గుమాస్తా గారికి నిజంగా సులభమైంది కూడా ఇదే. ఆఫీసు తాళాల గుత్తికి తగిలించుకున్నారు. గుచ్చి, తాకితే అయిపోతుంది, కళ్లజోడు వెతుక్కుని ఆరంకెలు చదవాల్సిన టెన్షన్ లేదు. ప్రతి ఒక్కరికీ ఇంకో కీ కూడా రిజిస్టర్ చేసి సీలు వేసిన కవర్‌లో ఆఫీసు బీరువాలో పెట్టాం.

ఒక జూనియర్ చురుకైనవాడు. "సెక్యూరిటీ కీ ఉన్నాక ఆరు మాటలు ఎందుకన్నా, నాలుగంకెలు చాలదా?" అన్నాడు. మామూలు మెయిల్‌లో అయితే ఆ వాదనకు కొంత బలం ఉండేది. ఇక్కడ రెండో మెట్టు కాపాడేది లాగిన్‌ను మాత్రమే. మెయిల్‌ను తెరిచేది పాస్‌ఫ్రేజే. రేపు సర్వర్ నుంచే ఎవరైనా ఆ లాక్ అయిన కీ ఎత్తుకుపోతే సెక్యూరిటీ కీకి అక్కడ పనే ఉండదు, వాళ్లు తీరిగ్గా కూర్చుని పాస్‌ఫ్రేజ్ ఊహిస్తూ పోతారు. పాస్‌కీలతో (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాచి ఉంచే డిజిటల్ కీలు) పాస్‌వర్డ్ లేకుండా చేయొచ్చు కదా అన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. పాస్‌కీ మీరెవరో సంతకం చేసి రుజువు చేస్తుంది. మెయిల్‌బాక్స్ తెరవడానికి రుజువు చాలదు, రహస్యమే కావాలి. పాస్‌కీ నుంచి అలాంటి రహస్యం తీసే పీఆర్‌ఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, కానీ అప్పుడు పాస్‌కీ పోతే మెయిల్ కూడా పోయే పరిస్థితి వస్తుంది.

మర్చిపోయినప్పుడు

అసలు గొడవంతా రికవరీ దగ్గర ఉంటుంది. లాగిన్ ఎంత గట్టిగా పెట్టినా, పక్కన రీసెట్ దారి వదులుగా ఉంటే వచ్చేవాడు అటునుంచే వస్తాడు.

ప్రోటాన్‌లో ఫోన్ నంబరు, వేరే మెయిల్ ఇచ్చుకోవచ్చు. వాటితో అకౌంట్ తిరిగి వస్తుంది, పాత మెయిల్ మాత్రం తాళం వేసే ఉంటుంది. దాన్ని కూడా తెరవాలంటే 12 మాటల రికవరీ ఫ్రేజ్ కావాలి, లేదా రికవరీ ఫైల్, లేదా పాత పాస్‌వర్డ్. ఈ తేడా నేను బోర్డు మీద గీసి చెప్పాను, అందరూ తలూపారు.

దసరా సెలవుల్లో ఒక జూనియర్ ఊరెళ్లి ఫోన్ మార్చాడు. పాస్‌ఫ్రేజ్ గుర్తురాలేదు. నంబరుతో తనే రీసెట్ చేసుకున్నాడు. లోపలికి వెళ్తే సబ్జెక్ట్ లైన్లన్నీ కనిపిస్తున్నాయి, ఏ మెయిల్ నొక్కినా తెరుచుకోవడం లేదు. ప్రోటాన్ సబ్జెక్ట్ లైన్‌ను ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్ట్ చేయదు కాబట్టి అలా కనిపిస్తుంది. "అన్నా, మెయిల్స్ అన్నీ పాడైపోయాయి, సార్‌కి ఎలా చెప్పను" అని రాత్రి పదకొండింటికి ఫోన్. ఏమీ పాడవలేదు. సెలవులయ్యాక బీరువాలో అతని రికవరీ ఫ్రేజ్ ఉన్న కవర్ తీసి ఆ 12 మాటలు కొడితే మొత్తం తెరుచుకుంది. బోర్డు మీద బొమ్మ చేయలేని పని ఆ నాలుగు రోజుల భయం చేసింది. తర్వాత ఆ ఆఫీసులో రికవరీ ఫ్రేజ్ అంటే ఏమిటో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే, మెయిల్‌లో ఇంకా ఏమీ లేనప్పుడే, ఒకసారి రీసెట్ చేయించి ఫ్రేజ్‌తో తెరిపిస్తున్నాం.

రికవరీ మెయిల్ పెట్టాలా వద్దా అన్నదాని మీద ఇంకో కోణం ఉంది. 2024లో స్పెయిన్‌లో ఒక కాటలోనియా స్వాతంత్ర్య ఉద్యమ సానుభూతిపరుడి ప్రోటాన్ అకౌంట్ గురించి పోలీసులు అడిగితే, స్విస్ చట్టం ప్రకారం వచ్చిన ఉత్తర్వు మేరకు కంపెనీ అతని రికవరీ మెయిల్ అడ్రస్ ఇచ్చింది. అది ఆపిల్ అడ్రస్. అక్కడినుంచి మనిషి దొరికాడు. మెయిల్ లోపల ఏముందో ఎవరూ చదవలేదు, చదవాల్సిన అవసరం కూడా రాలేదు. ఈ వార్త చదివినవాళ్లు రికవరీ మెయిల్ అస్సలు పెట్టొద్దని సలహా ఇస్తారు. ఉద్యమకారుడికి అది సరైన సలహాయే. ఈ ఆఫీసు పేరు మాత్రం లెటర్‌హెడ్ మీదే ఉంది, దాచాల్సింది మనిషి పేరు కాదు. ఇక్కడి భయం వేరు: ఆ రికవరీ మెయిల్ హ్యాక్ అయితే అవతలివాడు పాత మెయిల్ చదవలేడు గానీ, సీనియర్ గారి పేరుతో కొత్త మెయిల్ పంపగలడు, రేపటి నుంచి వచ్చేది చదవగలడు. అందుకని సీనియర్ గారికి ఫోనూ లేదు, మెయిలూ లేదు, ఫ్రేజ్ ఒక్కటే. ఒక కాగితం ఆయన బ్యాంకు లాకర్‌లో, ఒకటి వాళ్లావిడ దగ్గర. జూనియర్లకు నంబరు ఉంచాం, సెలవుల్లో ఎక్కడున్నా కనీసం కొత్త మెయిల్ అందాలి కాబట్టి.

కుదరనివి

కక్షిదారుల వైపు పెద్దగా సాధించిందేమీ లేదు. వాళ్లవి మామూలు మెయిల్ అకౌంట్లు. వాటికి పంపింది ఎండ్ టు ఎండ్ కాదు. పాస్‌వర్డ్ పెట్టి పంపే మెయిల్ వాడొచ్చు, అవతలివాళ్లు లింకు నొక్కి ఆ పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. కంపెనీ కేసుల్లో ఒకరిద్దరు క్లయింట్లు దాన్ని చక్కగా వాడుతున్నారు. పాస్‌వర్డ్ ఫోన్లో చెబుతారు. మిగతావాళ్లు "ఈ లింకులవీ మాకెందుకండీ, వాట్సాప్ చేసేయండి" అంటారు. రాజీ డ్రాఫ్టుల వరకైనా అలా పంపకూడదని సీనియర్ గారు గీత గీశారు. ఆ కాగితం కావాల్సినవాళ్లు ఆఫీసుకే వచ్చి చదువుకుంటున్నారు.

ఇంకోటి ప్రైవేట్ అకౌంట్లకు ఉన్న అవతలి ముఖం. ఒక జూనియర్ సొంత ప్రాక్టీస్ పెట్టుకోవడానికి వెళ్తున్నాడు. అతని మెయిల్‌బాక్స్‌ను అడ్మిన్ తెరవలేడు, మనం కోరుకుని పెట్టుకున్నదే అది. కానీ అందులో ఆఫీసు కేసుల ఉత్తరాలున్నాయి. అందుకే కేసు ఉత్తరాలన్నీ ఒక కామన్ అడ్రస్‌కి కూడా కాపీ పంపాలని పద్ధతి పెట్టాం, ఆ మెయిల్‌బాక్స్ ప్రైవేట్ కాదు. పద్ధతి పెట్టకముందు వచ్చినవి మాత్రం అతనే ఒక్కొక్కటీ వెతికి పంపాలి. అతని అకౌంట్ ఈ నెలాఖరు దాకా తెరిచే ఉంటుంది. సగం వచ్చాయి, మిగతావి రెండు కేసుల్లో కౌంటర్లు దాఖలయ్యాక పంపుతానన్నాడు.